అరిగిన చెప్పు.. అందమైన అచ్చు!

ఏమండీ, మీ ఇంట్లో పట్టీ తెగిన హవాయి చెప్పులు, పంక్చరు వేయడానికి వీల్లేని సైకిల్ ట్యూబు ఉన్నాయా? పారేయకండి. వాటితో బట్టలమీద అచ్చులు వేసుకోవచ్చు. నేను నేర్చుకున్నదేమో అవసరం కొద్దీ!

మా అమ్మ పోయాక ఆమె వెంకటగిరి నూలు చీర ఒకటి నాకు మిగిలింది. ట్రంకుపెట్టెలో దాచితే అడుగున తుప్పు పట్టి, చీరనిండా ఎర్రమట్టి రంగు మరకలు పడ్డాయి. సబ్బుకు పోలేదు. కట్టలేను, పారేయలేను.

మన శ్రీకాళహస్తిలో కలంతో వేసే కలంకారీ అందరికీ తెలుసు. కృష్ణా జిల్లా పెడనలో మాత్రం టేకు చెక్కపై బొమ్మ చెక్కి, ఆ అచ్చుతో గుడ్డపై అద్దుతారు. ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు. కరక్కాయ రసంలో ముంచిన గుడ్డపై, బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు ఊరబెట్టిన ద్రవం తగిలితే నల్లరంగు వస్తుంది. అంటే, మా అమ్మ చీరను పాడుచేసిన తుప్పే అక్కడ రంగుకు ఆధారమన్నమాట! అది తెలిశాక నాకు ధైర్యం వచ్చింది. పెడన వారి పనితనం మనకు రాదు, కానీ పద్ధతి ఒక్కటే. ఎత్తుగా ఉన్న చోటే రంగు అంటుతుంది, పల్లం ఖాళీగా ఉంటుంది.

ముందు పాత దిండు గలీబుపై చూశాను. చెప్పు అట్టను కడిగి, బ్లేడుతో మా అబ్బాయి పేరు చెక్కి అద్దితే, అద్దంలో చూసినట్టు తిరగబడింది! అక్షరాలు వేస్తే తిరగేసి చెక్కాలి మరి. పైగా మా అత్తగారు, "తల పెట్టుకునే దిండుకి చెప్పేమిటే?" అని కోప్పడ్డారు. నిజమే ననిపించింది. అప్పట్నుంచీ చెప్పు అట్ట అచ్చులు సంచులకీ, గుమ్మం తెరలకీ మాత్రమే. చీరలకి సైకిల్ ట్యూబు!

చేసే విధానం: ట్యూబును కత్తెరతో ఆకు, మామిడి పిందె ఆకారంలో కత్తిరించండి. వడ్రంగి పారేసిన చెక్క ముక్కకు పంక్చరు సొల్యూషన్‌తో అతికించి, ఒక రాత్రి ఆరనివ్వండి. కొత్తబట్ట అయితే గంజి పోయేలా ఉతికి, ఇస్త్రీ చేయండి. బల్లపై దుప్పటి మడిచి పరిచి, దానిపై బట్ట పెట్టండి. పాత స్పాంజి ముక్కపై బట్టల రంగు పలుచగా పూసి, అచ్చును దానిపై తట్టి, బట్టపై నిటారుగా నొక్కి, నిటారుగానే తీయండి. జరిపితే పాడవుతుంది. ముందు చిత్తుగుడ్డపై రెండుసార్లు చూసుకోండి. ఒకరోజు ఆరాక తిరగేసి బాగా వేడి ఇస్త్రీ పెట్టండి. 72 గంటలు గడిచాకే ఉతకండి.

గమనించండి: సన్నటి నూలుకు రంగు తక్కువ పూయాలి, లేదంటే పాకుతుంది. తుప్పు పట్టినచోట నూలు బలహీనపడి ఉంటుంది. వేళ్లతో మెల్లగా లాగి చూశాకే అచ్చు వేయండి.

ఇక మా అమ్మ చీర సంగతి. మరకలమీద మాత్రమే వేస్తే, మరకల లెక్క తెలిసిపోతుంది కదా! అందుకే మరక ఉన్నచోటా లేనిచోటా, ముదురు మెరూన్ రంగు ఆకులు చీరనిండా చల్లినట్టు వేశాను. మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఒక ఆకు కొంచెం వంకర వచ్చింది, ఉండనిమ్మన్నాను.

మొన్న పెళ్లికి అది కట్టుకుంటే మా అత్తగారు కొంగు పట్టుకు చూసి, "కొత్తదా?" అన్నారు. "కాదత్తయ్యా, మా అమ్మదే" అన్నాను. మర్నాడు ఆవిడ తన పెట్టెలోంచి కాఫీ మరక పడ్డ తెల్లచీర తెచ్చి, "దీనికీ ఏమైనా వేస్తావా? చెప్పుతో మాత్రం వద్దు" అన్నారు.

మీ పెట్టె అడుగునా ఇలాంటి చీర ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం తీసి చూడండి మరి!