మన పేర్లలో దాగిన పూర్వులు

దేవాలయమున అర్చన చేయించుకొను భక్తులను అర్చకులు ముందుగా గోత్రనామములు అడుగుదురు. గోత్రము తెలియనివారు కాశ్యప గోత్రమని చెప్పుకొనుట పెద్దలు అంగీకరించిన ఆచారమే. కాని ఇంటిపేరు తెలియనివారికి అట్టి సదుపాయము లేదు. మన మారిషస్ ద్వీపమందలి తెలుగు కుటుంబములలో అనేకులు జనన పత్రములోని వంశనామమునే ఇంటిపేరని తలచుచున్నారు. నిజమునకు అది ఓడ దిగిన పూర్వులలో ఒకరి సొంతపేరు.

1834 మొదలు 1920 వరకు దాదాపు ఐదు లక్షలమంది ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీ రేవున దిగిరి. వారు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ను 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. కోరంగి, విశాఖపట్టణము, మద్రాసు రేవులనుండి మనవారు వచ్చిరి. కోరంగి రేవు పేరే మనకు జాతినామమై 'కొరంగీలు' అని నిలిచినది. లేఖకుడు వచ్చినవారికి ఒక్కొక్క సంఖ్య నిచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, జిల్లా, గ్రామము, ఓడ పేరు వ్రాసికొనెను. ఇంటిపేరును అడిగినవారు లేరు. తరువాత ఇచ్చట పుట్టిన బిడ్డకు తండ్రి పేరే వంశనామమై స్థిరపడినది.

అయినను ఆ పేరు నిరర్థకము కాదు. అప్పన్న, అప్పడు, సింహాద్రి, సన్యాసి, పైడయ్య అను పేర్లను గమనింపుడు. సింహాచలమందలి వరాహ నరసింహస్వామిని ఆ ప్రాంతమువారు అప్పన్న యని పిలుతురు. పైడితల్లి విజయనగరపు గ్రామదేవత. ఇట్టి పేరు గల కుటుంబము ఉత్తరాంధ్రమువైపు తొలుత వెదకుట యుక్తము. మనము నేటికిని సింహాద్రి అప్పన్న పూజ చేయుటలో గల భావమిదియే.

వెదకుట ఎట్లు? తండ్రి, తాత, ముత్తాతల జనన వివాహ పత్రములను వరుసగా సేకరించి, వలస వచ్చినవారి వరకు పోవలెను. ఆ పిమ్మట మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరచిన వలస పుస్తకములను ఆశ్రయింపవలెను. స్త్రీలకును ప్రత్యేక సంఖ్యలు ఉండెను గనుక తల్లివైపు వంశమును కూడ వెదకవచ్చును. అందలి గ్రామనామము వికృతముగా తోచినచో బిగ్గరగా చదువుడు. తెలుగు చెవికి అసలు పేరు స్ఫురింపవచ్చును. విశాఖపట్టణము జిల్లా యని యున్న గ్రామము నేడు శ్రీకాకుళము జిల్లాలో ఉండవచ్చును, ఆ జిల్లా 1950లో ఏర్పడినది గనుక; లేదా 1979లో ఏర్పడిన విజయనగరము జిల్లాలో ఉండవచ్చును.

ఈ శ్రమ వృథా కాదు. మన ద్వీపమున జన్మించిన రచయిత్రి నతాషా అప్పనా 1872లో వచ్చిన తన పూర్వులను గూర్చి 2023లో ఫ్రెంచి భాషలో ఒక గ్రంథము ప్రకటించిరి. ఆమె వంశనామము వినినంతనే సింహాద్రి స్వామి స్మృతికి వచ్చును.

మన స్థితిని మరియొక వలసతో పోల్చి చూతము. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రమున క్యారీ అను పట్టణము గలదు. అచ్చట 2009లో శ్రీ వేంకటేశ్వర దేవాలయము ప్రతిష్ఠితమైనది. 2022లో 87 అడుగుల గోపురము ఆవిష్కృతమైనది. విద్యోద్యోగములకై ఇటీవలి దశాబ్దములలో వెళ్ళిన తెలుగువారు అచ్చట అనేకులు. పేరునకు ముందుండవలసిన వారి ఇంటిపేరు ఆ దేశపు పత్రములలో చివరకు చేరినది, కాని పోలేదు. అయితే అచ్చట పుట్టిన బిడ్డ జనన పత్రములో తాతగారి ఊరు కానరాదు. వారికి కాగితముపై ఇంటిపేరున్నది, ఊరు లేదు. మనకు ఊరున్నది, ఇంటిపేరు లేదు. రెంటిని కలిపి నిలుపుట ఏ కచేరీ పని కాదు, ఇంటివారి పని.

మనకు లోపించిన సగము ఇంకను కొందరు నాయనమ్మల, అమ్మమ్మల నోట నున్నది. పుట్టింటి పేరును, మెట్టినింటి పేరును ఎరిగినవారు వారే. పుస్తకము మోకాలో నూరేండ్లు నిలువగలదు. పెద్దల మాట అట్లు నిలువదు. కావున వచ్చు ఉగాదినాడు పంచాంగ శ్రవణమునకు పిమ్మట ప్రతి గృహస్థుడును పెద్దల చెంత కూర్చుండి, ఇంటిపేరు, గోత్రము, ఊరు, మూడు తరముల స్త్రీపురుషుల పేర్లు తెలుగు లిపిలో వ్రాసి పూజామందిరమున ఉంచవలెనని కోరుచున్నాము. తర్పణ కాలమున మన బిడ్డలు తడబడకుండ పితృదేవతల పేర్లు పలుకగలిగిన నాడే ఈ శ్రమకు ఫలము.