గాలికి ఎదురు నిలిచేవాడు

సైకిలు మన సముద్రతీర ప్రజలకు కొత్త వస్తువు కాదు. కోడికూతకు ముందే పాలక్యానులు కట్టుకొని నెల్లూరు వీధులకు చేరేవారికి, చేపలబుట్టతో ఊరూరా తిరిగేవారికి, పుస్తకాలసంచి తగిలించుకొని తరగతులకు వచ్చే విద్యార్థులకు అది చిరకాల మిత్రం. మోటారు వాహనాలు పెరిగిన ఈ రోజులలో కూడా అది పూర్తిగా మరుగున పడలేదు. అయితే ఈ రెండు చక్రాలనే వృత్తిగా స్వీకరించి, పరదేశాలలో పోటీలకు తిరుగుతూ జీవితం గడిపేవారు కూడా లోకంలో ఉన్నారు. పత్రికలలో మనకు వారి విజయచిత్రాలు మాత్రమే కనిపిస్తాయి. ఆ చిత్రం వెనుకనున్న జీవితం ఎటువంటిదో, మన విద్యార్థులలో ఎవరైనా ఆ మార్గాన పోదలిస్తే ఏమేమి తెలిసి ఉండాలో ఈ వ్యాసంలో వివరించదలచాము.

మొదట తెలుసుకోవలసినది గాలిని గురించి. సాయంకాలం వేళ నెల్లూరు నుండి మైపాడు వైపు సైకిలు తొక్కినవారికి ఈ విషయం పుస్తకం చదవకుండానే తెలుస్తుంది. పగలంతా ఎండకు నేల కాగి, సముద్రం నుండి చల్లని గాలి ఒడ్డుకు వీస్తుంది. పోయేటప్పుడు ఆ గాలి రొమ్ముకు అడ్డం నిలుస్తుంది. వచ్చేటప్పుడు అదే గాలి వీపున చేయి వేసి నడిపిస్తుంది. సమతలమైన రోడ్డుపై గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు పడే శ్రమలో పదింట ఎనిమిది పాళ్లకు పైగా గాలిని చీల్చడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపైతే గాలిని జయించడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కనుక సైకిలు పందెంలో అసలు ప్రత్యర్థి పక్కనున్న మనిషి కాదు, ఎదురుగా ఉన్న గాలి.

ఈ ప్రత్యర్థిని తప్పించుకొనే ఉపాయం ఒక్కటే. అది మరొకరి వెనుక, గాలిచాటున, చక్రానికి చక్రం జానెడు దూరంలో సాగిపోవడం. ఆ విధంగా ఒకరి వెనుక పోయేవానికి శ్రమలో దాదాపు మూడవవంతు మిగులుతుంది. నూరుమందికి పైగా దగ్గరదగ్గరగా సాగే గుంపు నడుమనున్నవానికి తగిలే గాలి ఒత్తిడి, ఒంటరిగా పోయేవానికి తగిలే దానిలో పదవవంతు మాత్రమేనని 2018లో వెలువడిన పరిశోధన వలన తేలింది. నేలపట్టు, పులికాటు ప్రాంతాలలో గూడబాతులు వరుసకట్టి ఎగరడం మనలో చాలమంది చూసే ఉంటారు. కారణాలు కొంత వేరైనా, ఆ పక్షులు కూడా వరుసలో ఎగిరినపుడు తక్కువ శ్రమతోనే దూరం పోతాయి.

ఈ ఒక్క సూత్రం నుండే సైకిలు క్రీడలోని సమస్త వ్యవస్థ పుట్టింది. 1903లో ప్రారంభమైన టూర్ డి ఫ్రాన్స్ పందెం నేడు 23 రోజులలో 21 దశలుగా, సుమారు 3,400 కిలోమీటర్ల దూరం సాగుతుంది. ఒక్కొక్క జట్టుకు 8 మంది. వారిలో గెలుపు కోరి తొక్కేవాడు సాధారణంగా ఒక్కడే. తక్కినవారు అతనికి ముందు నిలిచి గాలిని కాస్తారు. వెనుకకు వచ్చి జట్టుకారు నుండి నీళ్ల సీసాలు అందుకొని చొక్కాలో దోపుకొని మళ్లీ ముందుకు పోతారు. నాయకుని చక్రం చెడితే తమ చక్రం ఊడదీసి ఇస్తారు. వీరిని ఫ్రెంచి భాషలో 'డొమెస్టిక్' అంటారు. అనగా ఇంటి నౌకరు. మొదట అది ఈసడింపుగా పుట్టిన మాట. నేడు అది గౌరవంతో పలికే మాట అయినది. తోడుగా ప్రయాణించేవానికి ఉర్దూలో 'హమ్‌సఫర్' అనే చక్కని మాట ఉన్నది. ఆ మాటే వీరికి బాగుగా నప్పుతుందని మాకు తోస్తుంది.

ఈ విద్యకు గురుపీఠం వంటిది బెల్జియం దేశంలోని ఫ్లాండర్స్ ప్రాంతం. అక్కడ గ్రామోత్సవాలతో పాటు ఊరి చుట్టూ ఆవృత్తులుగా సైకిలు పందేలు జరుగుతాయి. వాటిని 'కెర్మెస్' అంటారు. ఒక విధంగా చూస్తే ఫ్లాండర్స్ మన తీరానికి చుట్టమే. అదీ సముద్రం పక్కనున్న పల్లపు భూమి. అక్కడా గాలి విరామం లేకుండా వీస్తుంది. మన 16వ నంబరు జాతీయ రహదారిపై కావలి వైపు పోయేటపుడు తూర్పుగాలి పక్కనుండి తగిలినట్లే, అక్కడి పోటీదారులకు కూడా గాలి అడ్డంగా తగులుతుంది. అప్పుడు వారు ఒకరి వెనుక ఒకరు నిలువక, రోడ్డుకు అడ్డంగా ఏటవాలు వరుస కడతారు. రోడ్డు వెడల్పు ఎంతో, ఆ వరుసలో చోటు అంతే. చోటు దొరకనివాడు రోడ్డు అంచున గాలికి చిక్కి, క్షణాలలో వెనుకబడిపోతాడు. మన ఎండకు బదులు అక్కడ చలి, వర్షం; మన తారురోడ్డుకు బదులు పలుచోట్ల రాళ్లు పరచిన బాటలు. భేదం ఇంతే. కాని ఈ భేదమే కొత్తగా పోయినవానికి కొండంత.

ఇక దినచర్య విషయం. పందెం లేని రోజున నాలుగైదు గంటల సాధన, ఆపై సైకిలు కడిగి గొలుసుకు నూనె పెట్టుకోవడం, బట్టలు ఉతుక్కోవడం, వంట, నిద్ర. చిన్న జట్లలో ఈ పనులన్నీ ఎవరివి వారే చేసుకోవాలి. పందెం నడుమ గంటకు 60 నుండి 90 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోకపోతే కాళ్లు ఆడవు. అందుకు పెద్ద జట్లవారు కూడా వండిన అన్నాన్ని ముద్దలుగా అదిమి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకొంటారని వింటే మన నెల్లూరు బియ్యపు రైతులు సంతోషిస్తారు.

భారతీయులు ఈ మార్గాన పోలేదా అంటే, పోయారు. 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలోనే మన సైకిలు వీరులు పాల్గొన్నారు. ఇటీవలి కాలంలో బెంగళూరుకు చెందిన నవీన్ జాన్ అమెరికాలో ఇంజనీరింగు చదువుతూ ఈ క్రీడలో ప్రవేశించి, జాతీయ విజేతగా నిలిచి, బెల్జియం గ్రామపందేలలో ఆరితేరి, 2016లో దోహా నగరంలో జరిగిన ప్రపంచ రోడ్డు పోటీలలో మన దేశం పక్షాన నిలిచారు. ఇటువంటివారికి గాలికన్నా పెద్ద అడ్డంకి కాగితం. సాధారణ వీసాపై ఐరోపాలోని షెంగెన్ దేశాలలో 180 రోజులలో 90 రోజులకు మించి ఉండరాదు. వసంతం నుండి శరత్తు వరకు సాగే పోటీల కాలంలో సగం కూడా పూర్తికాక ముందే మూట కట్టుకోవాలి. అక్కడ పుట్టినవానికి ఈ చిక్కు లేదు.

ఒంటరిగా సాగే పందెం కూడా ఒకటి ఉన్నది. అమెరికా ఖండాన్ని పడమటి తీరం నుండి తూర్పు తీరం వరకు దాటే ఆ పందెం దూరం సుమారు 4,800 కిలోమీటర్లు. గడువు 12 రోజులు. సైనిక వైద్యుడైన శ్రీనివాస్ గోకుల్‌నాథ్ 2017లో దానిని ఏకాకిగా పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యారు. అదే సంవత్సరం నాగపూరు వాసి అమిత్ సమర్థ్ కూడా పూర్తిచేశారు. ఇందులో మరొకరి గాలిచాటున పోవడం నిషిద్ధం. అయినను వెనుక వాహనాలలో అన్నం పెట్టేవారు, దారి చూపేవారు, నిద్ర లేపేవారు రేయింబవళ్లు వెంట ఉంటారు. ఏకాకి అన్న మాట సైకిలు ఎక్కినవానికే గాని, ప్రయాణానికి చెల్లదు.

ఈ జీవితంలోని చీకటి పక్షాన్ని దాచడం ధర్మం కాదు. 1967లో బ్రిటిష్ వీరుడు టామ్ సింప్సన్ ఉత్తేజక ఔషధం సేవించి, మండుటెండలో వాంటూ పర్వతంపై ప్రాణాలు విడిచారు. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన ఏడు టూర్ బిరుదులు ఔషధ సేవనం వలన 2012లో రద్దయినాయి. 2003లో ఆండ్రే కివిలేవ్ తలకు దెబ్బ తగిలి మరణించిన పిదపనే వృత్తి పోటీలలో శిరస్త్రాణం నిర్బంధమైనది. దీనిని చదివిన మన యువకులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. గాలిచాటు కోసం జాతీయ రహదారిపై లారీల వెనుక సైకిలు తొక్కడం సాహసం కాదు, ప్రాణంతో జూదం. లారీ డ్రైవరు బ్రేకు నొక్కిన క్షణంలో వెనుకవానికి తప్పుకొనే వ్యవధి ఉండదు.

విద్యార్థులారా, ఈ మార్గాన పోదలచినవారు పోవచ్చు. కాని పట్టా చేతబట్టుకొని పొండి. పోయిన నూరుమందిలో నాయకుడయ్యేది ఒక్కడు. తక్కినవారు ఎవరికో గాలి కాచి, పేరు లేకుండా తిరిగి వస్తారు. అందులో అవమానం ఏమీ లేదని తెలిసినవాడే పోదగినవాడు.

కళాశాల సంఘం పెద్దలకు ఒక మనవి. మన వార్షిక క్రీడోత్సవంలో ఇంతవరకు నెమ్మది సైకిలు పందెం మాత్రమే జరుగుతున్నది. వచ్చే ఏడు తెల్లవారుజామున, వాహనాల రద్దీ లేని వేళ, శిరస్త్రాణాలతో, అధ్యాపకుల పర్యవేక్షణలో మైపాడు దారిన ఇద్దరేసి జట్లుగా ఒక పందెం ఏర్పాటు చేయవలసిందిగా ప్రార్థిస్తున్నాము. బహుమానం మాత్రం ముందు చేరినవానితో పాటు, దారిపొడవునా అతనికి గాలి కాచిన మిత్రునికి కూడా సమానంగా ఇప్పించండి.