రైలు గేటు, సిగ్నలు కేబిను

సైబరాబాదు మేడల నడుమనున్న ఖాజాగూడను రైలు పట్టా తాకదు. దానికి ఉత్తరమున, హైటెక్ సిటీ స్టేషను మీదుగా పోవు సికిందరాబాదు–వాడి మార్గము మాత్రము 1874 నాటిది. ఇట్టి పట్టాను బాట ఒకే మట్టమున దాటు చోటును లెవెల్ క్రాసింగు అందురు. పల్లెలలో దానికి రైలు గేటని పేరు.

వేగముగా వచ్చు రైలు, బ్రేకు వేసినను, వందల గజములు సాగిన పిమ్మట గాని నిలువదు. కావున గేటు మూసిన సంగతి డ్రైవరునకు ముందుగనే తెలియవలెను. పూర్వము ఇందులకు మేడగది వంటి కేబిను కట్టి, అందు లీవర్లను వరుసగా నిలిపిరి. లీవరు లాగినచో తీగ కదలి, దూరమున స్తంభముపై అడ్డముగా నున్న రెక్క క్రిందికి వాలును, రైలు సాగవచ్చును. తీగ తెగినను రెక్క తనంతట అడ్డమునకే మరలును.

గేటుకు తాళము పడనిదే సిగ్నలు లీవరు కదలదు. సిగ్నలు ఇచ్చిన పిదప గేటు తెరచుకొనదు. ఆలస్యమైనదని గేటుమానును నిందించువారు ఈ సంగతి ఎరుగవలెను. నేడు రెక్కలకు మారుగా రంగుదీపములు వచ్చినను సూత్రమదియే.

మెదక్ జిల్లా మాసాయిపేటలో గేటుగాని కాపలాగాని లేకుండెను. 2014 జులై 24న అచట బడిబస్సును నాందేడ్–సికిందరాబాదు ప్యాసింజరు ఢీకొనగా పలువురు పసివారు మరణించిరి. కాపలాలేని చోట బండి నాపి, క్లీనరు గాని మరియొకరు గాని పట్టావరకు నడచి చూడవలెననియు, ఎవరును లేనిచో డ్రైవరే దిగవలెననియు 1988 మోటారు వాహనముల చట్టము 131వ సెక్షను విధించుచున్నది.

2019 జనవరి నెలాఖరుకు దేశమందలి బ్రాడ్‌గేజి మార్గములలో కాపలాలేని క్రాసింగులన్నియు తొలగింపబడినవి. కొన్నింట గేటుమానులను నియమించిరి, కొన్నింట పట్టా క్రింద బాట త్రవ్విరి, కొన్నింటిని మూసివేసిరి.