పిడుదుల బాధ

పెంపుడు కుక్క చెవి మడతలోనో, కాలి వ్రేళ్ల సందుననో చిన్న ఆముదపు గింజవంటి బూడిదవన్నె గుండు కనబడినచో, గిల్లి పారవైచి మన పనిలో మనము పడుచుందుము. ఆ యల్పప్రాణిని గూర్చి సోదరీమణులు మరికొంత తెలిసికొనుట యావశ్యకమని మా యభిప్రాయము.

పిడుదు ఈగ దోమల జాతిలోనిది కాదు. సాలీడునకును తేలునకును చుట్టము. పెరిగినదానికి ఎనిమిది కాళ్లు. పరశురాముడు కర్ణుని తొడపై తల యుంచి నిద్రించుచుండగా ఆ తొడను తొలిచిన అలర్కమను క్రిమికి సంస్కృత భారతములోని శాంతిపర్వము ఎనిమిది కాళ్లనే చెప్పినది. వ్యాసమహర్షి మనసున నేమున్నదో మేము నిర్ణయింపజాలము గాని, ఆ ఘట్టము చదివినపుడెల్ల మాకు పిడుదే స్మరణకు వచ్చును.

ఇండ్లలోని కుక్కలను తరచుగా బాధించునది గోధుమవన్నె పిడుదు. ఆడుది కడుపార రక్తము త్రావి, కుక్కను విడిచి, గోడ పగుళ్లలోనో గుమ్మపు సందులలోనో దాగి, వేలకొలది గ్రుడ్లు పెట్టి చచ్చును. పిల్లకు ఆరు కాళ్లే. అది కుక్క నెక్కి రక్తము గ్రోలి, దిగి, కుబుసము విడిచి ఎనిమిది కాళ్లది యగును; మరల నెక్కి దిగి, మరల కుబుసము విడిచి పెద్దదగును. కావున కుక్కపై మనకు కనబడునవి కొన్నియే. తక్కినవి గోడలలో నున్నవి! ఆహారము లేకున్నను పెద్ద పిడుదు నెలల తరబడి బ్రతుకగలదు. ఇంటిని విడిచి కుక్కకు మాత్రమే మందు పూయువారి శ్రమ వ్యర్థమగుట కిదియే కారణము. కుక్క పరుండు గోనెను వేడినీట ఉడికించి ఎండవేయవలెను. పగుళ్లను పూడ్పింపవలెను. ఈ జాతికి పైకి ప్రాకు నలవాటు కలదు గనుక నేల కడిగిన చాలదు, గోడలను గూడ చూడవలెను.

పశువుల కొక జ్వరమును పిడుదులే అంటించునని అమెరికాలో స్మిత్, కిల్బోర్న్ అనువారు 1893లో రుజువుపరచిరి. కుక్కలకును పిడుదు జ్వరములు కలవు. మా పొరుగింటి కుక్క అన్నము ముట్టక మూలగుచుండగా, వేడిచేసినదని నాలుగు దినములు మజ్జిగ పోసిరి. ఐదవనాడు ముక్కున రక్తము కారినది. వైద్యుని యొద్దకు గొనిపోవునప్పటికే మించిపోయినది. ఆ యింటి పిల్లవాడు పదిదినములు సరిగా భుజింపలేదు. జ్వరము, చిగుళ్లు పాలిపోవుట, మూత్రము నల్లబడుట, వీనిలో నేది కనబడినను నాడే రక్తపరీక్ష చేయింపవలెను. ఎర్లికియా యను జ్వరమునకు డాక్సీసైక్లిన్ అను మందు కలదు. వైద్యుడు చెప్పినన్ని దినములు, సామాన్యముగా నాలుగు వారములు, విడువక ఈయవలెను.

పట్టిన పిడుదును శ్రావణముతో చర్మమున కానుకొని పట్టి, మెలిపెట్టక తిన్నగా లాగవలెను. కిరసనాయిలు పోయుట, అగరువత్తితో కాల్చుట తగదు. వ్రేళ్లతో చిదుమనే కూడదు. స్పిరిటులో వేసి చంపవలెను.

పిల్లి గల యిల్లాండ్ర కొకమాట. కుక్కలకై అమ్ము పెర్మెత్రిన్ మందు పిల్లికి విషము. వణుకు, మూర్ఛ కలిగి ప్రాణమే పోవచ్చును. ఆ మందు పూసిన కుక్క యొడలు ఆరువరకు పిల్లిని దాని దరి చేరనీయరాదు. నేడు కుక్కలకు నోట నిచ్చు మాత్రలును దొరకుచున్నవి. కొన్ని నెల దినములు, కొన్ని పండ్రెండు వారములు పనిచేయును. మాత్ర కుక్క బరువును బట్టి మారును గావున, పొరుగువారి యింట మిగిలినది తెచ్చి వేయక, తూకము వేయించి పశువైద్యునిచే వ్రాయించుకొనవలెను.