బొగ్గు దారాల సైకిలు

బొగ్గుతో సైకిలు చేస్తారంటే మీరు నవ్వుతారు. బొగ్గు ముక్కను నేలకేసి కొడితే పొడి అయిపోతుంది గదా! కాని 1992లో బార్సిలోనా ఒలింపిక్ పందేలలో క్రిస్ బోర్డ్‌మన్ అనే ఇంగ్లండు యువకుడు 4,000 మీటర్ల సైకిలు పందెంలో బంగారు పతకం గెలిచాడు. అతను ఎక్కిన సైకిలు చట్రం అటువంటి బొగ్గుతో చేసినదే. దాన్నే కార్బన్ ఫైబర్ అంటారు. ఈనాడు దానితో చేసిన సైకిలు భాగాలు మామూలు వాళ్ళు కూడా కొనగలుగుతున్నారు.

1879లో ఎడిసన్ నూలుదారాన్ని కాల్చి బొగ్గు చేసి, దీపంలో వత్తిగా వాడాడు. ఆ దారం వెలుగైతే ఇచ్చింది గాని, ముట్టుకుంటే విరిగేది. చాలా గట్టి బొగ్గు దారాన్ని 1958లో అమెరికాలో రోజర్ బేకన్ అనే శాస్త్రజ్ఞుడు తయారు చేశాడు. ఇప్పుడు దీన్ని ఎక్కువగా ఎట్లా చేస్తారో తెలుసా? స్వెట్టర్లు అల్లే యాక్రిలిక్ ఉన్నదే, దాదాపు అటువంటి దారాన్నే తీసుకుంటారు. దాన్ని సాగదీసి, ముందు 200, 300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. తరవాత ప్రాణవాయువు లేని కొలిమిలో 1,000 డిగ్రీలు దాటేలా కాలుస్తారు. మిగతా పదార్థాలన్నీ ఆవిరిగా పోయి, దాదాపు కార్బన్ ఒక్కటే మిగులుతుంది. ఈ దారం మందం మన వెంట్రుకలో సుమారు పదో వంతు. వేలాది దారాలను పొరలు పొరలుగా పేర్చి, ఎపాక్సీ అనే జిగురుతో తడిపి, అచ్చులో పెట్టి గట్టిపరుస్తారు. ఒకే పరిమాణం గల మూడు ముక్కలు తూస్తే, ఉక్కు 780 గ్రాములు, అల్యూమినియం 270 గ్రాములు ఉన్నచోట ఇది 160 గ్రాములే ఉంటుంది.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అన్నగారి అబ్బాయి ఇదంతా విని, ఆరు నెలలు డబ్బు కూడబెట్టాడు. పేరూ ఊరూ లేని కార్బన్ హేండిలు ఒకటి చౌకగా అమ్ముతున్నారని, అదే కావాలని పట్టుబట్టాడు. నేను ఒప్పుకోలేదు. ఉక్కు వంగుతుంది, వంగి, మనకు ముందే చెబుతుంది. కార్బన్ అట్లా కాదు, ఉన్నట్టుండి విరుగుతుంది. హేండిలూ, ముందు ఫోర్కూ విరిగితే పళ్ళు మాత్రమే పోతాయని ధైర్యం లేదు. పేరున్న కంపెనీల ముద్రలు వేసిన దొంగసరుకు కూడా వస్తున్నది. పాత సరుకులో లోపలి పగుళ్ళు కంటికి కనిపించవు. చౌకలో కొని నిశ్చింతగా ఉండగలిగేది నీళ్ళ సీసా పెట్టుకునే పంజరం ఒక్కటే. ఆ తరవాత, తయారుచేసిన వారెవరో తెలిసిన సీట్ పిల్లరు.

చివరికి పిల్లరు కొన్నాం. పాతదానికంటే 80 గ్రాములు తక్కువ. అంటే అరగ్లాసు నీళ్ళయినా లేవు! ఆ మాట చెబితే వాడి మొహం చిన్నబోయింది. అయితే కార్బన్ పిల్లరు దారిలోని చిన్న అదురును కొంత తనలోనే మింగుతుంది. వాడికి దక్కిన అసలు లాభం అదే.

కొనేముందు పాత పిల్లరు మీద చెక్కిన కొలత చూడాలి. మాది 27.2 మిల్లీమీటర్లు. 27.0 కొంటే వదులవుతుంది. రెండు మూడు వెంట్రుకల మందం తేడా అయినా పనికిరాదు. చట్రం గొట్టంలోపల వేలు పెట్టి చూసి, గరుకు అంచులుంటే ఎమరీ కాగితంతో నున్నగా రుద్దాలి. గ్రీజు పుయ్యకూడదు. సన్నని ఇసుకలాంటి రేణువులున్న కార్బన్ పేస్టు పుయ్యాలి. అది పుస్తే కొంచెం బిగించినా జారదు. పిల్లరు మీది గీత బయటికి కనపడకుండా లోపలికి దించాలి.

ఇక్కడే నేను తప్పు చేశాను. మరను 5 న్యూటన్ మీటర్లు మాత్రమే బిగించాలని అచ్చువేసి ఉన్నది. అంటే 20 సెంటీమీటర్ల పిడి చివర రెండున్నర కిలోల బరువు వేలాడదీస్తే ఎంత తిప్పుతుందో అంతే. నేను చేతి అంచనాతో, జారుతుందేమోనని అలెన్ కీని ఇంకొక్క తిప్పు తిప్పాను. టిక్కుమన్నది! వెదురు పొడుగునా ఎంత బలమైనా పక్కనుంచి ఒత్తితే చీలినట్టే, కార్బన్ గొట్టానికి చుట్టూ నొక్కితే చేటు.

"బాబాయ్, సన్నని గీతే గదా, టేపు చుట్టి వాడుకోనా?" అన్నాడు వాడు. వాడి ఆరు నెలల డబ్బు! వద్దన్నాను. రెండోది నా డబ్బుతో కొని, సైకిలు షాపతన్ని టార్క్ రెంచి అడిగి తెచ్చి, వాడి చేతనే బిగింపించాను. 5 దగ్గర రెంచి క్లిక్కుమనగానే వాడు చెయ్యి తీసేశాడు.

ఇప్పుడు వాడు నెలకొకసారి నాణెంతో పిల్లరును తట్టి చూస్తాడు. అంతటా ఒకే మోత రావాలి. ఒకచోట మోత బొంగురుపోతే లోపల పొర విడిందేమోనని అనుమానించి, విప్పించి చూపించాలి. మోత బాగున్నంత మాత్రాన పగులు లేదనుకోవద్దు, కంటితోనూ వెతకాలి. విశాఖ వంటి సముద్రపు ఊళ్ళలో ఉప్పు తడికి కార్బన్‌ను అంటుకున్న అల్యూమినియం తుప్పు పట్టి, పిల్లరు చట్రంలో బిగిసిపోతుంది. కొద్దినెలల కొకసారి తీసి, తుడిచి, మళ్ళీ పేస్టు పుయ్యాలి.

పగిలిన గొట్టాన్ని వాడు పారెయ్యలేదు. దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదని ముక్కుకు మాస్కు కట్టించి, రంపం మీద నీళ్ళు పోస్తూ మేమిద్దరం దాన్ని అడ్డంగా కోశాం. కోసినచోట నల్లని పొరలు ఉల్లిపాయలో మాదిరి ఒకదాని మీద ఒకటి కనిపించాయి. వాడు భూతద్దం పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.