వన్యమృగాలను రప్పించే శబ్దాలు, మళ్లించే శబ్దాలు
అటవీ సరిహద్దు గ్రామాల్లో ఎలక్ట్రానిక్ సాధనాల ఎంపిక, వినియోగం
(ప్రత్యేక వ్యాసం)

శేషాచలం అడవుల అంచున, పలమనేరు పరిసరాల్లోని కౌండిన్య అభయారణ్యం చుట్టూ ఉన్న గ్రామాల్లో రైతులు రాత్రివేళ మంచెపై కూర్చొని, తప్పెట కొట్టి, కేకలు వేసి పంటను కాపాడుకోవడం తరతరాల ఆనవాయితీ. రికార్డు చేసిన అరుపులను లౌడ్ స్పీకరు ద్వారా వినిపించే ఎలక్ట్రానిక్ పెట్టెలు కూడా ఇప్పుడు మార్కెట్లో లభ్యమవుతున్నాయి. ఏ శబ్దం జంతువును దూరంగా పంపుతుంది, ఏ శబ్దం దగ్గరకు రప్పిస్తుంది అనే విచక్షణ లేకుండా వీటిని వాడితే మేలు కంటే కీడే అధికమవుతుంది.

ఉభయ జిల్లాల్లో ఈ సమస్య తీవ్రత తెలియనిది కాదు. 2023 ఆగస్టులో అలిపిరి కాలినడక మార్గంలో చిరుత దాడికి ఆరేళ్ల బాలిక బలైంది. 2025 జనవరిలో చంద్రగిరి మండలంలో పొలాల్లోకి వచ్చిన ఏనుగులను తరిమేందుకు వెళ్లిన ఒక గ్రామ ప్రజాప్రతినిధి ప్రాణాలు కోల్పోయారు.

వేట కోసం రూపొందిన సాధనం

ఈ పరికరాలు మొదట జంతువులను తరిమేందుకు రూపొందినవి కావు. అమెరికాలో కొయోటీలు, నక్కలు వంటి మాంసాహార జంతువులను వేటాడేవారు గాయపడిన కుందేలు, జింక పిల్ల వంటివాటి ఆర్తనాదాలను వీటి ద్వారా వినిపిస్తారు. ఆహారం దొరికిందని భ్రమించి దగ్గరకు వచ్చిన జంతువును మాటున ఉండి కాలుస్తారు. అక్కడి అనేక రాష్ట్రాల్లో నిబంధనలకు లోబడి ఇది చట్టసమ్మతం.

మన దేశంలో పరిస్థితి పూర్తిగా భిన్నం. వన్యప్రాణి (సంరక్షణ) చట్టం, 1972 ప్రకారం చంపడం మాత్రమే కాక, పట్టడం, ఉచ్చు పన్నడం, తరమడం, ఎర చూపడం, అందుకు ప్రయత్నించడం సైతం వేట నిర్వచనంలోకి వస్తాయి. చిరుత, ఏనుగు రెండూ ఒకటవ షెడ్యూలులోని జంతువులు. ఈ షెడ్యూలు జంతువులను వేటాడినవారికి 3 నుంచి 7 సంవత్సరాల వరకు జైలుశిక్షతో పాటు, 2022 నాటి సవరణ మేరకు కనీసం 25,000 రూపాయల జరిమానా విధిస్తారు. మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిన జంతువు విషయంలో రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లిఖితపూర్వక ఉత్తర్వు ఉండాలి. తిరుమల నడకదారిలో 2023లో బోనులు ఏర్పాటు చేసి చిరుతలను పట్టుకున్నది ప్రభుత్వ యంత్రాంగమే తప్ప ప్రైవేటు వ్యక్తులు కారు.

చట్టం మాట అటుంచినా, మేకపిల్ల అరుపునో కుందేలు అరుపునో ఊరి పక్కన వినిపించడమంటే చిరుతను చేజేతులా ఊరికి ఆహ్వానించడమే. పరికరంలో ఇటువంటి శబ్దాలు ఉన్నట్లయితే వాటిని తొలగించిన తరువాతే వినియోగించాలి.

ఏ శబ్దానికి ఏ స్పందన

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు దక్షిణ భారతంలో ఏనుగులు పొలాల్లోకి వచ్చే దారుల్లో పులి, చిరుత గాండ్రింపులను వినిపించి చూశారు. 2013లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం పులి గాండ్రింపు విన్న ఏనుగులు చప్పుడు చేయకుండా వెనుదిరిగాయి. చిరుత గాండ్రింపు విన్నప్పుడు మాత్రం ఘీంకరించి, పరిసరాలను పరిశీలించి, ఆ తరువాతే వెళ్లాయి. అంటే తప్పు శబ్దాన్ని ఎంచుకుంటే ఏనుగు వెంటనే తొలగిపోకపోగా ఆగ్రహించే అవకాశం ఉంది.

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ ప్రాంతంలో జరిగి, 2023లో వెలువడిన మరో అధ్యయనంలో వన్యప్రాణులు సింహపు ధ్వని కంటే మనుషుల మాటలకే ఎక్కువగా బెదిరినట్లు తేలింది. గాండ్రింపుల రికార్డు లేకపోయినా మనిషి గొంతు సైతం పనికివస్తుందని దీనినిబట్టి అర్థమవుతున్నది.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

"అల్ట్రాసోనిక్" పేరిట అమ్మే పరికరాలు ఏనుగులపై పనిచేయవు. మనిషి చెవికి సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకు వినిపిస్తే, ఏనుగు వినికిడి సుమారు 12 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. అంతకు మించిన ధ్వని దానికి వినపడదు.

రాత్రంతా ఆగకుండా మోగే పరికరం కంటే, జంతువు దారిని దాటినప్పుడు మాత్రమే సెన్సారు ద్వారా మోగేది మేలు. ఒకే శబ్దాన్ని పదేపదే విన్న జంతువు కొన్నాళ్లకు దానిని లెక్కచేయదు. కనుక పలు రకాల ధ్వనులు మార్చి వినిపించే వీలుండాలి. బ్యాటరీ సామర్థ్యం, వానకు తట్టుకునే పెట్టె, దూరం నుంచి నియంత్రించే సౌకర్యం ముఖ్యం. మనిషి ఏనుగుకు ఎదురుపడనవసరం లేకపోవడమే ఈ సాధనం వల్ల కలిగే అసలైన ప్రయోజనం.

వినియోగంలో జాగ్రత్తలు

పరికరాన్ని పొలం మధ్యలో కాక, జంతువు అడవి నుంచి వచ్చే దారి మొదట్లో అమర్చాలి. అది తిరిగి అడవిలోకి వెళ్లే మార్గం తప్పనిసరిగా తెరచి ఉండాలి. దారి మూసి శబ్దం చేస్తే బెదిరిన మంద ఊరి మీదికో, రహదారి మీదికో మళ్లుతుంది. పక్క రైతులతో సంప్రదించకుండా ఒకరు చేసే చప్పుడు మరొకరి చెరకు తోటకు చేటు. మంద ఇప్పటికే పొలంలో ఉన్నా, గున్నలు వెంట ఉన్నా శబ్దం చేయకుండా అటవీ సిబ్బందికి తెలియజేయాలి. చిరుత బావిలోనో, ఇంట్లోనో చిక్కుకున్నప్పుడు కేకలు, డప్పులు, గుంపులు పనికిరావు. అక్కడ నిశ్శబ్దమే రక్ష.

నాటు బాంబులు, పొలం చుట్టూ కరెంటు తీగలు ఏ పరిస్థితిలోనూ ప్రత్యామ్నాయం కాజాలవు. అవి వన్యప్రాణులతో పాటు పశువుల, మనుషుల ప్రాణాలను బలిగొంటాయి.

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 మేరకు లౌడ్ స్పీకరు వినియోగానికి లిఖితపూర్వక అనుమతి అవసరం. రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట వాడకంపై నిషేధం ఉంది. పంటకు ప్రమాదం పొంచి ఉండేదీ ఆ వేళల్లోనే. అందువల్ల రైతులు విడివిడిగా కాక, గ్రామం మొత్తంగా అటవీ, రెవెన్యూ, పోలీసు అధికారులను ముందుగా సంప్రదించడం శ్రేయస్కరం.

నడకదారిలో

2023 జూన్‌లో అలిపిరి మార్గంలో మూడేళ్ల బాలుడిని చిరుత నోట కరచుకుపోగా, అక్కడివారు కేకలు వేస్తూ వెంబడించడంతో వదలి వెళ్లింది. బాలుడు ప్రాణాలతో బయటపడ్డాడు. ఆగస్టు విషాదం అనంతరం తిరుమల తిరుపతి దేవస్థానం భక్తులను గుంపులుగా పంపే ఏర్పాటు చేసి, చేతికర్రలు అందజేసింది. ఎలక్ట్రానిక్ పరికరమేదీ లేకుండానే, పదిమంది కలిసి గోవింద నామం పలుకుతూ, పిల్లలను మధ్యన ఉంచుకొని నడవడం ఈ దారిలో ఎవరికైనా సాధ్యమయ్యే రక్షణ. పిల్లలను ముందుకు పరుగెత్తనీయకుండా, ఒంటరిగా వెనుకబడనీయకుండా చూసుకోవలసిన బాధ్యత మాత్రం వెంట ఉన్న పెద్దలదే.