ఎలక్ట్రానుల ఉమ్మడి, కోనసీమ వాయువు

కాట్రేనికోన మండలం ఉప్పూడి గ్రామం వద్ద 2020 ఫిబ్రవరి 2వ తేదీన ఒక సహజవాయువు బావి నుండి వాయువు ఒక్కసారిగా పెల్లుబికినది. గ్రామస్థులను ఇళ్ళు ఖాళీ చేయించి సురక్షిత స్థలాలకు పంపినారు. రెండు రోజులకు బావి అదుపులోనికి వచ్చినది. అదృష్టవశాత్తు ఎక్కడా నిప్పురవ్వ తగులలేదు. 1995లో పాశర్లపూడి బావికి ఆ అదృష్టం లేకపోయినది. జనవరి 8న చెలరేగిన మంట మార్చి 15 దాకా ఆరలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గొట్టం నుండి వెలువడిన వాయువు అంటుకొని ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు.

కోనసీమలో ఈ సంఘటనలు ఎరుగనివారు లేరు. కాని ఆ వాయువు నీటిలో ఎందుకు కరగదు, ఉక్కు గొట్టాన్ని లోపలి నుండి తినివేయునది ఏది అన్న ప్రశ్నలకు జవాబు ఇంటర్మీడియట్ రసాయనశాస్త్రంలోని 'రసాయన బంధం' అధ్యాయంలోనే ఉన్నదని చాలామంది విద్యార్థులకు తోచదు. పరీక్ష ముందు వల్లించి, పరీక్ష తరువాత మరచిపోయే అధ్యాయమది. దానిని మన ఊరి వాయువుతో జతచేసి చదువుదాము.

సహజవాయువులో అధికభాగం మీథేను. ఒక కార్బను పరమాణువుతో నాలుగు హైడ్రోజను పరమాణువులు కలిసిన అణువు, అణుభారం 16. రొయ్యలకు మంచుగడ్డలు తయారుచేసే ఐసు ఫ్యాక్టరీలలో వాడే అమ్మోనియా అణుభారం 17. నీటి అణుభారం 18. బరువును బట్టి చూస్తే ఈ మూడూ అన్నదమ్ముల వంటివి. స్వభావంలో మాత్రం వీటికి పొంతన లేదు. మీథేను ద్రవం కావలెనంటే సున్నాకు దిగువ 161 డిగ్రీల సెల్సియసు వరకు చల్లార్చవలెను. అమ్మోనియాకు సున్నాకు దిగువ 33 డిగ్రీలు చాలును. నీటిని మరిగించుటకు 100 డిగ్రీల వరకు కాచవలెను. బరువు ఒక్కొక్క ప్రమాణం పెరిగితే మరుగుస్థానం వంద డిగ్రీలకు పైగా ఎగబాకుట బరువు వలన కాజాలదు. కారణం ఎలక్ట్రానుల పంపకంలో ఉన్నది.

1916లో అమెరికా శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ ఒక సులువైన ఊహను ప్రతిపాదించినాడు. రెండు పరమాణువులు చెరియొక ఎలక్ట్రానును తెచ్చి ఒక జంటగా ఉమ్మడిలో ఉంచుకొనుటయే బంధమని ఆయన భావన. ఒక్క ఎలక్ట్రాను గల హైడ్రోజనుకు రెండు కావలెను. రెండు హైడ్రోజనులు చేరువై తమ ఎలక్ట్రానులను ఉమ్మడి చేసికొంటే ఆ జంట ఇద్దరి లెక్కలోనూ చేరుతున్నది. ఆ ఎలక్ట్రానుల జంటను రెండు కేంద్రకాలూ తమవైపునకు ఆకర్షించుటయే వాటిని కట్టి ఉంచే బలం. హైడ్రోజను అణువులో రెండు కేంద్రకాల మధ్య దూరం 74 పికోమీటర్లు; అనగా ఒక మిల్లీమీటరులో సుమారు కోటీ ముప్ఫై అయిదు లక్షలవ వంతు. 1919లో ఇర్వింగ్ లాంగ్మ్యూర్ ఈ బంధానికి పెట్టిన పేరునే మన తెలుగు పుస్తకాలు 'సమయోజనీయ బంధం' అంటున్నవి.

ఇక్కడ ఆ పేరును గురించి ఒక మాట. 1917లో హైదరాబాదులో నెలకొన్న దారుల్ తర్జుమా, ఉస్మానియా విద్యార్థుల కొరకు శాస్త్రగ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ తెలుగులో అటువంటి కృషి చేసినది. ఇంత శ్రమకోర్చి నిర్మించిన పారిభాషిక పదాలను మనం అర్థం చూడక కంఠస్థం చేయుట న్యాయం కాదు. 'సమయోజనీయ' అన్నచోట 'సమ' అన్న పూర్వపదాన్ని చూచి, ఎలక్ట్రానుల పంపకం ఎల్లప్పుడూ సమానమని విద్యార్థులు పొరబడుతుంటారు. అక్కడ దాని భావం 'కలిసి' అని మాత్రమే. ఉమ్మడి ఆస్తి అన్నంత మాత్రాన అందరి అనుభవం ఒక్కటేనా? ఉమ్మడి కుటుంబాలలో పెరిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

పంచుకొనే పరమాణువులు రెండూ ఒకే మూలకానివైతే ఎలక్ట్రాను జంట సరిగా నడుమ నిలుస్తున్నది. హైడ్రోజను, ఆక్సిజను, నైట్రోజను, క్లోరిను అణువులు ఇటువంటివి. ఇవి అధ్రువ బంధాలు. భిన్న మూలకాలు కలిసినప్పుడు రెండింటి ఆకర్షణశక్తి ఒక్కటి కాదు. జంటను తనవైపు లాగుకొనే ఈ శక్తికి ఋణవిద్యుదాత్మకత అని పేరు. 1932లో లైనస్ పాలింగ్ దీనికి ఒక కొలమానం ఏర్పరచినాడు. ఆ లెక్కలో హైడ్రోజనుకు 2.20, కార్బనుకు 2.55, నైట్రోజనుకు 3.04, ఆక్సిజనుకు 3.44, అన్నింటికంటె లోభియైన ఫ్లోరినుకు 3.98. అంతరం ఉన్నచోట ఎలక్ట్రాను జంట బలవంతుని వైపు ఒరుగుతున్నది. అతని చెంత కొద్దిపాటి ఋణావేశం, రెండవవాని చెంత అంతే ధనావేశం నిలుస్తున్నవి. ఇదియే ధ్రువ బంధం. హైడ్రోజను క్లోరైడులో ఈ ఆవేశం ఒక పూర్తి ఎలక్ట్రాను ఆవేశంలో సుమారు ఆరవ వంతు మాత్రమే. సోడియం, క్లోరినుల మధ్య వలె అంతరం మరీ హెచ్చైతే పంపకం పోయి అపహరణమే జరుగుతున్నది. మన సముద్రపు ఉప్పు అట్లు ఏర్పడినదే. ధ్రువ బంధానికీ అయానిక బంధానికీ మధ్య గోడ లేదు, వాలు మాత్రమే ఉన్నది. పాఠ్యపుస్తకాలలోని గడులు గీసిన పట్టికలు ఈ విషయాన్ని మరుగుపరుస్తున్నవని నా అభిప్రాయం.

ఇప్పుడు ముగ్గురు అన్నదమ్ముల వద్దకు మరలుదాము. కార్బను, హైడ్రోజనుల మధ్య అంతరం 0.35 మాత్రమే. పైగా మీథేనులో నాలుగు హైడ్రోజనులూ చతుర్ముఖి మూలలలో ఒకే తీరున అమరి ఉన్నవి. ఏ దిక్కు నుండి చూచినా అణువు ఒకేలా కనిపిస్తున్నది గనుక, ఆ కాస్త వాలు కూడా నాలుగు వైపులా చెల్లిపోతున్నది. అటువంటి అణువులను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే బలం అత్యల్పం. నీటిలో అంతరం 1.24. రెండు బంధాలు సరళరేఖలో లేక 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉన్నవి. ఆక్సిజను వైపు ఋణధ్రువం, హైడ్రోజనుల వైపు ధనధ్రువం ఏర్పడి, ఒక అణువు హైడ్రోజను వేరొక అణువు ఆక్సిజనును పట్టుకొంటున్నది. ఈ హైడ్రోజను బంధాలను తెంపుటకే నీటిని అంతగా కాచవలసివస్తున్నది. అమ్మోనియాలో అంతరం 0.84. అణువు మూడు కాళ్ళ పీట వలె ఉన్నది. స్వభావం ఆ ఇద్దరికీ నడిమిది.

ఈ భేదం ప్రాణరక్షణకు సంబంధించినది కూడా. ఐసు ఫ్యాక్టరీలో అమ్మోనియా వెలువడితే నీటిని తెరవలె చిమ్మి చాలావరకు పట్టివేయవచ్చును. ఒక లీటరు నీరు కొన్ని వందల లీటర్ల అమ్మోనియా వాయువును తనలో కలుపుకొనగలదు. మీథేను విషయంలో ఆ ఆశ లేదు. 25 డిగ్రీల వద్ద, వాతావరణ పీడనం కింద, లీటరు నీటిలో కరిగేది సుమారు 22 మిల్లీగ్రాములు. పక్కన పంటకాలువ పారుతున్నా, పైనుండి వాన కురుస్తున్నా వాయువు వాయువుగానే ఉండిపోతున్నది. గాలిలో 5 నుండి 15 శాతం వరకు కలిసినచోట చిన్న రవ్వ చాలును. బావి వద్ద చిమ్మే నీరు చుట్టుపక్కలను చల్లబరచుటకే గాని వాయువును కరిగించుటకు కాదు. మీథేనుకు రంగు లేదు, వాసన లేదు. మన వంటయింటి సిలిండరులోని ఘాటు వాసన, లీకు తెలియుటకై కలిపే మెర్కాప్టను అను గంధకపు పదార్థానిది. మీథేను గాలికంటె తేలిక గనుక పైకి పోతున్నది; దానితోపాటు వచ్చే బరువైన హైడ్రోకార్బనుల ఆవిరి మాత్రం నేలను అంటిపెట్టుకొని పల్లానికి పాకుతున్నది. బావులకు, గొట్టాలకు సమీపంలో నివసించేవారు దీనిని తప్పక ఎరిగి ఉండవలెను.

కొబ్బరినూనె, నీరు కలియకపోవుట కూడా ఇదే కథ. నూనె అణువులో కార్బను, హైడ్రోజనుల పొడవైన గొలుసులు ఉన్నవి. పరస్పరం పట్టుకొని ఉన్న నీటి అణువుల నడుమ వాటికి చోటు దొరకదు. తలంటికి కుంకుడురసం పనిచేయుట, దానిలోని సపోనిను అణువుకు ఒక భాగం నీటికి, ఒక భాగం నూనెకు చుట్టం కావుట వలన.

ఇక అన్నింటికంటె చిత్రమైన అణువు కార్బను డయాక్సైడు. సహజవాయువుతో భూమిలో నుండి ఇది కూడా కొంత వస్తున్నది. దీనిలోని ప్రతి బంధమూ ధ్రువ బంధమే. కార్బను, ఆక్సిజనుల అంతరం 0.89. అయినను అణువు మొత్తం మీద అధ్రువం. రెండు ఆక్సిజనులు కార్బనుకు చెరియొక వైపున సరళరేఖలో నిలిచి, తాడు లాగే పందెంలో సమబలులైన జట్ల వలె ఎదురెదురుగా లాగుచున్నవి. తాడు కదలదు, లాగుడు మాత్రం ఆగదు. బంధం ధ్రువమగుట వేరు, అణువు ధ్రువమగుట వేరు అన్న సూక్ష్మాన్ని విద్యార్థి గ్రహించవలసిన చోటు ఇదే. ఎలక్ట్రానులు అటూ ఇటూ లాగబడినందున నడిమి కార్బను కొంత ధనావేశంతో ఉన్నది. నీటిలోని ఆక్సిజను దానిని అందుకొనగలదు. అందువలన మీథేను 22 మిల్లీగ్రాములే కరిగే లీటరు నీటిలో కార్బను డయాక్సైడు ఒకటిన్నర గ్రాముల దాకా కరుగుతున్నది. దానిలో కొంత నీటితో కలిసి కార్బోనికామ్లంగా మారుతున్నది. గోళీసోడా త్రాగినప్పుడు నాలుకపై చురుక్కుమనేది ఈ ఆమ్లమే.

సోడాబుడ్డిలో అది నిరపాయం. ఉక్కు గొట్టంలో కాదు. పొడిగా ఉన్న కార్బను డయాక్సైడు ఉక్కును ఏమీ చేయదు. మీథేను అసలే చేయదు. వాటితో తేమ కలిసినదా, గొట్టం అడుగున నీరు చేరి, ఆమ్లమై, ఇనుమును కొద్దికొద్దిగా కరిగించుకొంటూ పోతున్నది. పైనుండి చూచేవారికి గొట్టం నిక్షేపంగా కనిపిస్తున్నది. నగరం దుర్ఘటనపై జరిగిన విచారణలో తేమను తొలగించని వాయువును పంపుట, గొట్టం లోపల తుప్పు పట్టుట ప్రధాన కారణాలుగా వెల్లడైనవి.

తేమను తొలగించే ఉపాయం కూడా ధ్రువత్వం మీదనే ఆధారపడినది. ఒక ఎత్తైన స్తంభంలో పైనుండి ట్రైఎథిలీన్ గ్లైకాల్ అను చిక్కని ద్రవాన్ని జారవిడిచి, అడుగు నుండి వాయువును పంపుతారు. గ్లైకాల్ అణువులో ఆక్సిజను, హైడ్రోజను జతలు ఉన్నవి. అవి ఎదురువచ్చిన నీటి అణువులను హైడ్రోజను బంధాలతో పట్టి ఉంచుతున్నవి. పట్టుకొనుటకు ధ్రువాలు లేని మీథేను పైకి సాగిపోతున్నది. నీరు పట్టిన గ్లైకాల్‌ను సుమారు 200 డిగ్రీలకు కాచి, నీటిని తరిమి, మరల వాడుకొంటారు. ఖర్చుతో కూడిన పనియే గాని, ఇందుకు కొత్తగా కనిపెట్టవలసిన సిద్ధాంతం ఏదీ లేదు.

తేమను తొలగించుటకు వేరొక కారణమూ కలదు. పీడనం హెచ్చుగా, చలి తగినంతగా ఉన్నచోట నీరు, మీథేను కలిసి మంచువంటి గడ్డ కట్టి గొట్టాలను మూసివేయును. దీనికి గ్యాస్ హైడ్రేటు అని పేరు. ప్రకృతిలో ఇది సముద్రగర్భంలో కూడా లభిస్తున్నది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అను త్రవ్వకపు నౌక మన తీరానికి ఎదుట, కృష్ణా గోదావరి పరీవాహక సముద్రభాగంలో, సుమారు వెయ్యి మీటర్ల నీటికి దిగువన అడుగుమట్టిలో దీని దట్టమైన నిక్షేపాన్ని కనుగొన్నది. ఆ గడ్డను బయటికి తీసి అగ్గిపుల్ల చూపితే మండుతున్నది. నీటి అణువులు ఒకదాని చేయి ఒకటి పట్టుకొని పంజరాలు అల్లుకొనగా, ఒక్కొక్క పంజరంలో ఒక్కొక్క మీథేను అణువు చిక్కుకొని ఉన్నది. ఆ పంజరానికీ లోపలి అణువుకూ మధ్య ఉమ్మడి చేసికొన్న ఎలక్ట్రాను జంట ఒక్కటైనా లేదు.